హెల్మెట్ తీయని కెప్టెన్

ఆదివారం పొద్దున వచ్చే ఆ హిందీ సీరియల్ కోరుట్లలో మా వాడవాళ్ళలో సగం మందికి అర్థమయ్యేది కాదు. భూమి మీద నుంచి వెళ్ళిన ఓడ ఒకటి నక్షత్రాల మధ్య దారి తప్పుతుంది. అందులోని వాళ్ళు వారం వారం ఏదో ఒక గ్రహం మీద దిగుతారు, ఇది మన ఇల్లు కాదనుకుని మళ్ళీ ఎక్కుతారు. అయినా అందరం చూసేవాళ్ళం. వాడలో టీవీ ఉన్నది మాకే. పక్కింట్లో అద్దెకుండే కానిస్టేబుల్, ఆయన భార్య కూడా మా ఇంట్లోనే కూర్చుని చూసేవాళ్ళు.

మా మేనమామ సిరిసిల్లలో సాంచెలు నడిపేవాడు. అక్కడ మరమగ్గాన్ని సాంచె అంటారు. ఒకసారి అన్నలు, అంటే నక్సలైట్లు, వాళ్ళ షెడ్డులో మీటింగ్ పెట్టారు. తర్వాత పోలీసులు మామను తీసుకుపోయి, కొట్టి, వదిలేశారు. మీటింగ్ రోజున మామ షెడ్డులో ఉన్నాడో లేడో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగినప్పుడల్లా ఒక్కో జవాబు వచ్చేది. మళ్ళీ ఆయన కోసం వాకబు చేస్తున్నారని తెలిసి, అమ్మమ్మే ఆయన్ని భివండి బస్సెక్కించింది. బొంబాయి పక్కనుండే ఆ ఊళ్ళోనూ సాంచెలే. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆయన రాలేదు.

సీరియల్ అయిపోవచ్చే రోజుల్లో గంభీరావుపేట నుంచి మా దూరపు చుట్టం ఒకాయన ఇంటికొచ్చాడు. భివండిలో పనిచేస్తూ పెళ్ళికని ఊరికొచ్చినవాడు. తలుపు దగ్గరికేసి అమ్మతో మెల్లగా చెప్పాడు.

"అక్కా, నీ తమ్ముడు సాంచె పని ఇడిసిపెట్టిండు. బొంబాయిల స్టూడియోల బట్టలు కుడుతున్నడు. గీ ఆదివారం సీరియల్ ఉన్నది సూడు, దాని ఆఖరి భాగంల హీరో ఆయననే."

"హీరోనా? మరి గా ఎర్రగున్నాయన?"

"ఆయన డైరెక్టర్‌తోని లొల్లి పెట్టుకొని పోయిండట. గప్పటికి ఆఖరి భాగం ఇంకా తియ్యలే. వెండి రంగు డ్రెస్ కుట్టింది మీవోడు, ఎత్తు గూడ గంతే ఉన్నడు. నెత్తికి హెల్మెట్ పెట్టి నిలవెట్టిండ్రు. మొకం కనవడదు గదా."

"నిజమేనా?"

"నేను సూడలే. ఆయననే చెప్పిండు. ఎవ్వలకు చెప్పకుండ్రి, యాడున్నడో తెలుస్తది."

అమ్మకు ఏం చేయాలో తోచలేదు. చివరికి సిరిసిల్ల పోయి అమ్మమ్మను తీసుకొచ్చింది. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసే మా నాన్నకు మాత్రం పక్కింటాయనదే దిగులు. కానిస్టేబుల్‌ను రావద్దంటే అనుమానం, రమ్మంటే భయం. ఆయన ఎప్పటిలాగే వచ్చి కూర్చున్నాడు.

అమ్మమ్మ టీవీకి దగ్గరగా జరిగింది. "గీళ్ళు యాడికి పోయిండ్రే?" అని నన్ను అడిగింది.

"నక్షత్రాల కాడికి అమ్మమ్మా."

"గాడ ఏం పని?"



ఓడ భూమి మీద దిగింది. ఒక్కొక్కరూ హెల్మెట్లు తీసి, మట్టిని ముద్దుపెట్టుకుని ఏడ్చారు. అందరి తర్వాత హీరో, ఓడ కెప్టెన్, వచ్చాడు. మెట్లు దిగి ఆగిపోయాడు. హెల్మెట్ తీయలేదు. ఎడమ భుజం కొంచెం వాలి ఉంది. మామ భుజం అలాగే ఉంటుంది. కానీ అంత బరువు డ్రెస్సులో ఎవరి భుజమైనా వాలుతుంది కదా అనిపించింది.

"మావోడే!" అంది అమ్మమ్మ.

"ఆఁ, మనోళ్ళే అవ్వా, మన దేశపోళ్ళే," అని అమ్మ గట్టిగా అంది. కానిస్టేబుల్ ఇటు తిరిగి చూసి, మళ్ళీ టీవీ వైపు తిరిగాడు.

కెప్టెన్ చెయ్యి ఊపాడు. వెనక్కి తిరిగి ఓడ ఎక్కేశాడు. తలుపు మూసుకుంది, ఓడ లేచిపోయింది. సీరియల్ అయిపోయింది.

"గిదేంది? గింత దూరం అచ్చి ఇంటికి పోకుండ మళ్ళ పోయిండు?" అన్నాడు కానిస్టేబుల్. ఆయనకేదో రోగం అంటుకుని ఉంటుందని, అందరికీ అంటుతుందనే పోయాడని ఆయన భార్య అంది. హెల్మెట్ తీస్తే మామ ముఖం కనబడుతుంది కాబట్టి పోయాడని మాకు తెలుసు. తెలుసనే అనుకున్నాం.

అమ్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "అచ్చినోడు బుక్కెడు బువ్వన్న తినకపాయె."

"ఏడువకు అవ్వా, గది ఉత్త కథ," అని ఆమెను ఓదార్చింది కానిస్టేబులే. నాకు నవ్వు వచ్చింది, వెంటనే భయమేసింది.

ఎన్నో ఏళ్ళకు, పోలీసుల రాక తగ్గాక, మామ తిరిగొచ్చాడు. అమ్మమ్మ మొదట అడిగింది అదే. "గప్పుడు దిగి మళ్ళెందుకు పోయినవ్ రా?"

"మెట్లు దిగింది నేనే అవ్వా. గా డ్రెస్‌ల ఉడుక్కు తట్టుకోలేక పడిపోయిన. నీళ్ళు తాపి పక్కకు కూసోవెట్టిండ్రు. మళ్ళ లోపలికి పోయింది వేరేటోడు."

"మరి చెయ్యి ఊపింది?" అని నేను అడిగాను.

"ఇద్దరితోని ఊపిచ్చిండ్రు బిడ్డా. ఏది పెట్టిండ్రో నాకేం ఎరుక? నేను సీరియల్ సూడనే లే."

అమ్మమ్మకు ఆ మాట చాలు. "దిగింది నువ్వే గదా. పోయినోడు ఎవడైతే నాకేంది," అంటూ లేచి పొయ్యి దగ్గరికి పోయింది.

ఇప్పుడు నేను జగిత్యాలలో పాఠాలు చెబుతున్నాను. ఈమధ్య తోటి టీచర్ ఒకామె ఫోన్‌లో ఒక ఇంటర్వ్యూ చూపించింది. ఆ సీరియల్ హీరో, ముసలాయన అయిపోయాడు, చివరి భాగం గురించి చెబుతున్నాడు. జ్వరంతో ఉన్నా ఆ సీను తానే చేశాడట. హెల్మెట్ తీయకుండా వెళ్ళిపోవడం కూడా తన ఆలోచనేనట. ఆ రాత్రంతా మామ అబద్ధం చెప్పాడా, ఈయన చెబుతున్నాడా అనే ఆలోచనే.

సెలవు రోజున సిరిసిల్ల పోయాను. అమ్మమ్మ అప్పటికే చనిపోయింది. మామ కళ్ళద్దాలు పెట్టుకుని, నా ఫోన్‌లో ఆ చివరి సీను మొట్టమొదటిసారి చూశాడు. కెప్టెన్ దిగాడు, ఆగాడు, చెయ్యి ఊపాడు, ఎక్కేశాడు. మామ ఫోన్ మీదికి ఇంకా వంగాడు.

"గీ మెట్లు ఇనుపయి గదా? మేము దిగినయి కట్టెయి. వెండి రంగు పూసిన కట్టె మెట్లు."

"అంటే గిది నువ్వు కాదా మామా?"

"దిగింది నేనే," అన్నాడు. కానీ ఆయన చూపు ఫోన్ మీదే ఉంది. "మళ్ళొక్కసారి పెట్టు బిడ్డా."

మళ్ళీ పెట్టి, ఫోన్ ఆయన చేతికే ఇచ్చాను.