రంగన్న చెవి, నా చెవి

మా చెల్లెలు రుక్మిణి తెల్లవారుతూనే ఫోన్ చేసి, "అన్నా, ఆయన లేవలేదు" అన్నది. "ఇంకా నిద్రపోతుండాడా?" అని అడిగాను. ఆమె ఏడ్చింది. ఫిడేలు విద్వాంసుడు రంగస్వామి నాయుడు, మా రుక్మిణి భర్త, కోయంబత్తూరులో తెలుగు మాట్లాడే ప్రతి ఇంటికీ రంగన్న, నిద్రలోనే వెళ్ళిపోయాడు. ఎవరికీ శ్రమ ఇవ్వకుండా, నాకంటే ముందుగా. నిజం చెప్పాలంటే నాకు మొదట కలిగింది దుఃఖం కాదు. 'ఇందులోనూ వాడే నెగ్గాడు' అనుకున్నాను. దుఃఖం తరువాత వచ్చింది. వచ్చింది, ఇంకా పోలేదు.

రంగన్న జ్ఞాపకంగా నన్ను ఈ వ్యాసం రాయమన్న మన తెలుగు సంఘం పెద్దలకు, నేను రంగన్నను చూసి జీవితమంతా అసూయపడ్డానని తెలుసు. ఊరికీ తెలుసు. అందరికంటే బాగా రంగన్నకు తెలుసు. ఆ సంగతి దాచి రాస్తే ఇది రంగన్న కథ కాదు. మన పిల్లల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు కనుక, పెద్దవాళ్ళు దీన్ని చదివి వినిపించాలని కోరుతున్నాను.

కోయంబత్తూరు పక్కనే పోదనూరు రైల్వే కాలనీ వెనుక వీధిలో ఒకే అయ్యవారి దగ్గర ఇద్దరమూ ఫిడేలు మొదలుపెట్టాము. నేను ప్రతి పాఠాన్నీ తేదీ వేసి రాసుకునేవాడిని. ఇంటికి వెళ్ళి క్రమం తప్పకుండా సాధన చేసేవాడిని. రంగన్న ఏమీ రాసుకునేవాడు కాదు. కిటికీలోంచి వీధి చూస్తూ కూర్చుని, అయ్యవారు ఆపగానే అంతా తిరిగి వాయించేవాడు. ఒకరోజు అయ్యవారు నాతో ఎంతో దయగా, "నీ కమాను చక్కగా నడుస్తుండాది నాయనా. వాడి ఫిడేలు పాడుతుండాది" అన్నారు. నేను రైల్వే అకౌంట్స్ ఆఫీసులో చేరాను. రంగన్న ఫిడేలు పట్టుకొని బతికాడు. పైగా మా చెల్లెలిని పెళ్ళాడి మా ఇంటి అల్లుడయ్యాడు. అప్పటినుంచి మా అమ్మ కూడా మొదటి వడ్డన ఆయనకే చేసేది.

ఉత్త కచేరీలతో ఇల్లు గడవక, రంగన్న సినిమా పాటల బృందంలో చేరాడు. కల్యాణ మండపాల్లో, కారమడై తేరు పండగలో, మనిషి ఎత్తు స్పీకర్ల పక్కనే కూర్చుని ఏళ్ళ తరబడి వాయించాడు. ఇంటికి వచ్చాక చెవుల్లో కీచుమంటుండాదని అనేవాడు. తెల్లారితే తగ్గిపోతుందిలే అనేవాడు. కొన్నాళ్ళకు అది తగ్గడం మానేసింది. ఆ కీచు ఒక హెచ్చరిక అని అప్పుడు మాలో ఎవరికీ తెలియదు.

ఒక ఉదయం మా వాకిట్లో కాఫీ తాగుతూ, "ఏం బావా, ఈ ఊళ్ళో పిచ్చుకలన్నీ ఏమైనాయి? ఒకటీ లేదు" అన్నాడు.

"నీ నెత్తిమీద తీగలోనే అరుస్తుండాయి గదా రంగా."

"సుమ్మా అంటుండావు, ఆట పట్టిస్తుండావు."

"సుమ్మా కాదప్పా. తల ఎత్తి చూడు."

తల ఎత్తాడు. పిచ్చుకల ముక్కులు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. కాఫీ లోటా కింద పెట్టి, చాలాసేపు వాటి ముక్కులనే చూస్తూ కూర్చున్నాడు. రంగన్నకు లేనిది నాకు ఒకటి ఉన్నదని నేను తెలుసుకున్నది ఆ ఉదయమే.

డాక్టరు దగ్గరకు నేనే తీసుకువెళ్ళాను. వచ్చారు కదా అని ఆయన నన్ను కూడా పరీక్షించారు. నా చెవులు పడుచువాడి చెవుల్లా ఉన్నాయన్నారు. రంగన్నకు సన్నని ధ్వనులు రెండు చెవుల్లోనూ పోయాయి. ఫిడేలు ఆనుకునే ఎడమవైపు మరీ ఎక్కువ. పోయినది తిరిగి రాదు, మిగిలినది కాపాడుకోవచ్చునని డాక్టరు చెప్పారు. స్పీకర్లకు దూరంగా ఉండాలి. దూది చాలదు, చెవికి సరిపోయే బిరడాలు పెట్టుకోవాలి. పెద్ద చప్పుడు విన్న తరువాత చెవులకు విశ్రాంతి ఇవ్వాలి. బస్సులో రంగన్న నా చెవి పరీక్ష కాగితం తీసుకొని చూశాడు.

"ఇంత మంచి చెవులు పెట్టుకొని రైల్వే లెక్కలా వేసినావు బావా? దేవుడు అడ్రస్ తప్పినాడు."

బస్సులో నవ్వాను. ఇంటికి వచ్చాక కోపం వచ్చింది.

ఆ తరువాత రంగన్న పాటల బృందం మానేశాడు. బిరడాలు లేకుండా గడప దాటేవాడు కాదు. మేట్టుపాళయంలో మా బంధువుల పెళ్ళి. మన పెళ్ళిళ్ళలో తాళి కట్టే నిమిషంలో గట్టిమేళం ఎంత గట్టిగా మోగితే అంత శుభం. తుమ్ము కూడా వినబడకూడదు. తవిలు డోలుకు ఎదురుగానే మాకు కుర్చీలు వేశారు. మేళం లేవగానే రంగన్న, బిరడాలు ఉన్నా సరే, రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకున్నాడు. పెళ్ళికూతురి మేనత్త చూసింది. మేళం ఆగగానే పట్టుకున్నది.

"ఏమప్పా, తాళి కట్టేప్పుడు ఎవురైనా చెవులు మూసుకుంటారా? అపశకునం గదా!"

"తాళి కంటితో చూసేది గదా అక్కా. కన్నులు మూసుకోలేదు నేను."

"నోరు మాత్రం మూసుకోవు!"

"అది కూడా మూస్తే భోజనం ఎట్లా చేసేది?"

ఆమె కూడా నవ్వేసింది. ఆ మాట సాయంత్రానికి కోయంబత్తూరు చేరింది. అదే పని నేను చేసి ఉంటే నన్ను మండపం నుంచి లేపి పంపేవాళ్ళు.

రంగన్న అన్నగారి మనవరాలు సుధ, ఆయన దగ్గరే ఫిడేలు నేర్చుకున్న పిల్ల, చెన్నైలో సినిమా తీయడం చదువుకొని వచ్చింది. తాత మీద ఒక చిన్న సినిమా తీస్తానన్నది. అందులో రంగన్న కెమెరా ముందు కూర్చుని ఇలా అంటాడు: "ఫిడేలుకు పెట్టె చేయిస్తాము. మృదంగానికి తొడుగు కుట్టిస్తాము. అన్నిటికంటే ముందు దేవుడిచ్చిన వాద్యం చెవి, దానికి ఏం చేసినాము?" ఈ మాట ఇప్పుడు బడుల్లో పిల్లలు చెప్పుకుంటున్నారు. తవిలు వాయించే కుర్రవాళ్ళు బిరడాలు పెట్టుకొని మండపాలకు వస్తున్నారు. చెవుడు కూడా రంగన్నకు కీర్తి తెచ్చింది. నిక్షేపంగా ఉన్న నా చెవుల మీద సినిమా తీయాలని ఎవరికీ తోచలేదు.

సినిమాకు ముందే రంగన్న నన్ను ఒకటి అడిగాడు. రోజూ సాయంత్రం వచ్చి తన వాయిద్యం వినాలి.

"రుక్మిణిని అడిగితే బాగుండాది అంటుంది. శిష్యులు కాళ్ళకు మొక్కుతారు. నీకైతే నామీద కడుపుమంట. తప్పు దొరికితే వదిలిపెట్టవు. శ్రుతి తప్పిన దినం నువ్వు చెప్పల్ల బావా. ఆ దినం ఫిడేలు కింద పెట్టేస్తాను."

"అన్నను పట్టుకొని ఏం మాటలివి?" అని రుక్మిణి కోప్పడింది.

"నిజమే చెప్పినాడులే" అన్నాను.

అలా రోజూ వెళ్ళి కూర్చున్నాను. తప్పు కోసమే విన్నాను. దవడకు తగిలే అదురును పట్టుకొని, వేళ్ళ అలవాటును నమ్ముకొని రంగన్న వాయించేవాడు. శ్రుతి కదిలేది కాదు. తప్పు లేదని నేను తల అడ్డంగా ఊపేవాడిని. "ఏం బావా, ఈ దినమూ ఆకలితోనే పోతుండావా?" అని నవ్వేవాడు. ప్రతి సాయంత్రం ఓడిపోయి ఇంటికి నడిచేవాడిని. మరునాడు మళ్ళీ వెళ్ళేవాడిని.

సినిమా చివరి దృశ్యం తీసే రోజు వచ్చింది. ఉక్కపోత. రంగన్న మోహన రాగం ఎత్తుకున్నాడు. మధ్యలో తంతి కొంచెం దిగింది. ఆయనకు తెలియలేదు. వేలు తన చోటుకే సరిగ్గా వెళ్ళింది, స్వరం మాత్రం పై షడ్జమానికి చేరలేదు. సుధకూ తెలిసింది, కళ్ళ నిండా నీళ్ళు. ముగించగానే రంగన్న ఎవరినీ చూడలేదు, నన్ను చూశాడు. ఆయన వెనుక నిలబడి రుక్మిణి వద్దు, వద్దు అని నాకు చేయి ఊపుతున్నది. జీవితమంతా నేను ఎదురుచూసిన తప్పు అది.

"ఏం బావా? పోయిడుచ్చా? సొల్లు. పోయిందా, చెప్పు."

"తప్పింది రంగా. పై షడ్జమం. తంతి దిగింది, నీకు తెలియలేదు."

"రైల్వే తాతా!" అని సుధ అరిచింది. "ఎవురికి తెలుస్తుంది? ఇంకోసారి తీస్తాను."

"మా బావకు తెలిసింది గదమ్మా. చాలు" అన్నాడు రంగన్న. కమాను వదులు చేశాడు. ఫిడేలు తుడిచి పెట్టెలో పెట్టి, తానే మూత వేశాడు. "మిగిలిన ఈ కొంచెం చెవి రుక్మిణి మాటలకు కావల్ల" అన్నాడు. తరువాత నా చేయి పట్టుకొని, "నన్ను ఇంత శ్రద్ధగా విన్నవాడు నువ్వు తప్ప ఇంకొకడు లేడు బావా" అన్నాడు.

మళ్ళీ ఫిడేలు ముట్టలేదు. సినిమా నా మాటతో, ఆ మూతతో ముగుస్తుంది. అది చూసినవాళ్ళలో సగం మంది నాతో మాట్లాడటం మానేశారు. రుక్మిణి కూడా చాలాకాలం ముభావంగానే ఉండింది. రంగన్న మాత్రం రోజూ సాయంత్రం నాకోసం వాకిట్లో కుర్చీ వేయించి, కాస్త వినబడే తన కుడి చెవి నావైపు తిప్పి కూర్చునేవాడు.

కర్మ ముగిసిన సాయంత్రం సుధ ఆ ఫిడేలు తీసి అదే మోహన వాయించింది. అలవాటుగా తప్పుల కోసం విన్నాను. ఎన్నో దొరికాయి. ఒక్కటి కూడా నాకు సంతోషం ఇవ్వలేదు. "ఎట్లుండాది తాతా?" అని అడిగింది. మొదటినుంచి వాయించమన్నాను.

రంగన్నా, నీ చెవికీ, నీ చేతికీ, తప్పు తెలిసిన క్షణంలోనే వాద్యం దించిన నీ మనసుకూ తల వంచుతున్నాను. నీ వంటి ఫిడేలు ఈ నేలమీద మళ్ళీ పుట్టవచ్చు. దాన్ని చూసి అసూయపడటానికి మాత్రం నాకు ఆయుష్షు మిగలలేదు.