వెనక సీటు మీది బరువు

మీకు నమ్మకం లేకపోతే ఇక్కడే ఆపేయండి, నేనేమీ అనుకోను. నాకే చాలాసార్లు నమ్మబుద్ధి కాదు. కానీ ఆ రాత్రి ఇంటికి వచ్చి, చేతులకు అంటిన ఇసుక కడుక్కోకముందే డైరీలో రాసుకున్నాను. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ రాస్తున్నాను. అందులో ఇంతవరకు అబద్ధం రాయలేదు. కథలు కట్టడం నాకు రాదు. ఇది జరిగింది... నాకే జరిగింది.

నేను నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. మా చెల్లెలు సుశీల, ఆమె భర్త రంగారావు, నేను బెంజ్ సర్కిల్ దగ్గర ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. రంగారావుకి ఒక పాత మోటార్‌సైకిల్ ఉంది. దాని సామాన్ల కోసం ఆటోనగర్‌లో అతను ఎక్కని షాపు లేదు. ఆ బండి తయారైన ఫ్యాక్టరీ చెన్నై పక్కన ఇప్పటికీ నడుస్తోంది. ముందుగా పేరు రాయించుకుంటే లోపలికి తీసుకెళ్లి చూపిస్తారు. ఆ బండి మీదే అక్కడికి వెళ్లాలని అతని కోరిక. ఏళ్ల తరబడి వాయిదా వేశాడు. ఇప్పుడు కళ్లు పోతున్నాయి. ఉన్న చూపు కూడా ఎన్నాళ్లుంటుందో చెప్పలేమన్నారు డాక్టరు. బండి తోలడం మానేశాడు. అందుకని నేను నడపాలి, అతను వెనక కూర్చోవాలి. చూపు ఉండగానే వెళ్లి చూడాలి... అదీ సంగతి.

రూటు గీశాను. ఎక్కడ ఆగాలో, ఎక్కడ పడుకోవాలో రాశాను. సుశీల ఒప్పుకోలేదు.

"అన్నయ్యా, నువ్వు వెనకాల మనిషిని ఎక్కించుకుని ఎన్నాళ్లయింది?"

"చాలా ఏళ్లయింది."

"మరి ఈయన్నెక్కించుకుని చెన్నై దాకా పోతానంటావేంటి? ఈయనకి ఎదురుగా లారీ వస్తందో, గేదె వస్తందో కూడా కనపడదు."

"గేదె కనపడుద్దే," అన్నాడు రంగారావు. "దూడయితేనే కష్టం."

ఆమె నవ్వలేదు. మర్నాడు ఒక షరతు పెట్టింది. రంగారావంత బరువు వెనక సీటుకి కట్టుకుని, రాత్రిపూట ఉయ్యూరు దాకా వెళ్లి రావాలి. కట్టింది కట్టినట్టు తిరిగివస్తే ప్రయాణానికి సరే. లేకపోతే ఇక ఆ మాట ఎత్తకూడదు. రాత్రి ఎందుకంటే, మేం తెల్లవారకముందే చీకట్లో బయలుదేరాలనుకున్నాం. నాకు ఆ షరతు నచ్చింది. పద్ధతిగా ఉంది.

సిమెంటు సంచిలో ఇసుక నింపాం. వాచ్‌మన్ సాయంతో సీటు మీదికి ఎక్కించి, పాత సైకిలు ట్యూబులతో బిగించి కట్టాం. రంగారావు సంచిని అరచేత్తో తట్టాడు.

"జాగ్రత్త బావా. నన్ను కింద పడేయమాక."

"నీకంటే ఇదే నయం," అన్నాను. "దారి పొడుగునా సలహాలివ్వదు."

కంకిపాడు దాటేదాకా హైవే మీదే వెళ్లాను. ఆ సంచి ఎలా ఉండేదో మీకు ముందు తెలియాలి. ఇసుక మొండి బరువు. గేరు మార్చినప్పుడల్లా ముందుకు తూలి నా నడుముకి కొట్టుకునేది. మలుపులో నేను ఒకవైపు వంగితే అది రెండోవైపు లాగేది. ఇక బండి వెనక స్ప్రింగులు... పాతవి. సీటు మీద బరువుంటే చిన్న గుంతకి కూడా కిర్రుమంటాయి. బరువు లేకపోతే చప్పుడు చేయవు.

కంకిపాడు దాటాక కాలువ గట్టు మీదికి మళ్లాను. చెడ్డ రోడ్డు మీద కూడా చూడాలి కదా. ఒకవైపు కాలువ, ఇంకోవైపు చెరకు. దీపాలు లేవు. ఒక కల్వర్టు దగ్గర రోడ్డు లేచి ఉంది. నేను చూసుకోలేదు. బండి ఎగిరిపడింది. హ్యాండిల్ ఊగింది. ఎలాగో నిలదొక్కుకున్నాను. వెనక స్ప్రింగు కిర్రుమంది... సంచి ఉందనుకున్నాను. ఆగలేదు.

ఆ తర్వాత బండి నడక మారింది.

మొదట సంతోషమే వేసింది. చెయ్యి కుదిరింది అనుకున్నాను. గేరు మార్చాను. నడుముకి ఏమీ తగల్లేదు. మళ్లీ మార్చాను. తగల్లేదు. స్ప్రింగులు మాత్రం కిర్రు... కిర్రు... అంటూనే ఉన్నాయి.

ఎడమకి ఒక మలుపు వచ్చింది. బండిని వంచాను. వెనక బరువు కూడా... వంగింది. రెండోవైపు లాగలేదు. నాతోపాటే, నేను వంగినంతే వంగింది.

ఇసుక వంగదు.

అయినా ఒక్కసారి జరిగినదాన్ని లెక్కలోకి తీసుకోకూడదని నాకు అలవాటు. కొంచెం దూరంలో కుడికి ఇంకో మలుపు కనిపించింది. ఈసారి కావాలనే ఆలస్యం చేశాను. నడుము నిటారుగా పెట్టాను. చేతులు కదపలేదు. చూశాను...

బండి మెల్లగా... దానంతట అదే... కుడికి వాలడం మొదలుపెట్టింది. నా వెనక ఎవరో నాకంటే ముందు వాలారు. ఆ దారి బాగా తెలిసినవాళ్లలా.

చెరకాకులు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. ఇంజను చప్పుడు. అంతే. ఊపిరి వినపడలేదు. భుజం మీద చెయ్యి పడలేదు. నా చొక్కా వీపు దగ్గర గాలికి కొట్టుకోవడం లేదు, అదొక్కటే. అద్దంలో చూడొచ్చు. చూడలేదు. ఎందుకు చూడలేదని సుశీల తర్వాత అడిగింది.

ఉయ్యూరు షుగర్ ఫ్యాక్టరీ దీపాలు కనిపించాయి. చెరకు ట్రాక్టర్లు వరసగా ఆగి ఉన్నాయి. వాటి పక్కన టీ బండి. వేగం తగ్గించాను. చక్రం ఆగిందో లేదో... బండి వెనక భాగం ఒక్కసారి పైకి లేచింది. మనిషి దిగితే లేస్తుందే, అలా. స్ప్రింగు ఒక్కసారి కిర్రుమని ఊరుకుంది.

అప్పుడు వెనక్కి చూశాను. సీటు ఖాళీ. తెగిన ట్యూబులు వేలాడుతున్నాయి.

టీ బండి అతన్ని అడిగాను. "నేను వచ్చినప్పుడు నా వెనకాల ఎవరన్నా ఉన్నారా బాబూ?"

"చూళ్లేదండీ. ట్రాక్టరోళ్లకి టీ పోస్తన్నా. ఎవరన్నా రావాలాండి?"

"లేదు," అన్నాను.

తిరిగి అదే దారిన వచ్చాను. ఇంకో దారి ఉంది, కానీ సంచి ఎక్కడుందో తెలియాలి. ఈసారి బండి తేలిగ్గా ఎగురుతోంది. చొక్కా టపటపా కొట్టుకుంటోంది. స్ప్రింగులు నోరెత్తలేదు. కల్వర్టు దాకా వచ్చాను. సంచి అక్కడే ఉంది, ఒక పక్క చినిగి. చేత్తో తడిమి చూశాను. మా ఇసుకే. ఉయ్యూరు నుంచి అక్కడికి ఏడెనిమిది కిలోమీటర్లు ఉంటుంది.

సుశీల పడుకోలేదు. ఖాళీ సీటు చూసింది.

"ఎక్కడ పడింది?"

"కల్వర్టు దగ్గర."

"ఎప్పుడు చూసుకున్నావు?"

"ఉయ్యూరులో."

ఆమె కుర్చీలో కూర్చుంది. "అంటే వెనకాల మనిషి పడిపోయినా ఉయ్యూరు దాకా నీకు తెలీలేదు."

"తెలియకపోవడం కాదమ్మా. బరువు ఉంది."

"ఏం బరువు?"

చెప్పాను. రెండో మలుపు సంగతి కూడా చెప్పాను. అంతా విని నెమ్మదిగా అంది, "తెలీలేదంటే ఈయన్ని నీతో పంపను. ఉందంటే అసలే పంపను."

రంగారావు తల నావైపు తిప్పాడు. "బాగా కూర్చున్నాడా బావా?" అన్నాడు.

"నీకంటే బాగా."

"నాకెటూ వెనక కూర్చోవడం చేతకాదులే," అని గోడవైపు తిరిగాడు. చూపు తగ్గినప్పటి నుంచీ, బాధ కలిగినప్పుడు అలా గోడవైపు తిరుగుతాడు.

తర్వాత ఒకరోజు పగలు వెళ్లి చూశాను. గట్టు వాలు వల్ల బండి కుడికి ఒరిగిందేమో అనుకున్నాను. ఆ మలుపు దగ్గర రోడ్డు ఎడమకి వాలి ఉంది. అలవాటుపడిన ఒళ్లు, లేని బరువు ఉన్నట్టు చెప్పిందేమో అని కూడా అనుకున్నాను. కావచ్చు. కానీ స్ప్రింగులకు అలవాటు ఉండదు. భయపడ్డావా అంటే, పడ్డాను. చెడు జరిగిందా అంటే, జరగలేదు. ఆ చీకట్లో ఆ దారిన నన్ను పడకుండా తీసుకెళ్లిందో, నాతో ఊరికే వచ్చిందో... తెలియదు.

చివరికి సుశీలే ఒక మార్గం చెప్పింది. వాళ్లిద్దరూ రైల్లో వస్తారు. నేను ఒక్కణ్ణే బండి తీసుకెళతాను. బండి లేకుండా ఆ ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడి తను చూసేదేముందని రంగారావు పట్టుబట్టాడు. వచ్చే నెలలో ప్రయాణం.

నిన్న ఆటోనగర్‌లో మెకానిక్ బండి సిద్ధం చేస్తూ అడిగాడు. "ఒక్కరే ఎళ్తన్నారు కదా సార్. ఎనక ఫుట్‌రెస్టులు పీకేయమంటారా? తేలిగ్గా ఉంటది."

వెనక సీటుని అరచేత్తో తట్టాను.

"ఉంచు," అన్నాను.