మెట్ల దారిలో అన్న మాట

దయ్యాల కథలు చెబితే నవ్వి ఊరుకునే మనిషిని నేను. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా ఉద్యోగం. ఎక్కడైనా తేడా కనిపిస్తే కారణం దొరికేదాకా వెతకడమే నా పని. దీనికి మాత్రం కారణం దొరకలేదు.

మావారు బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో మెషిన్ల డిజైనర్‌గా చేసేవారు. యాభై నిండకుండానే స్ట్రోక్ వచ్చింది. మెదడులో బాగా లోపల దెబ్బ తగిలిందన్నారు. కాలూ చెయ్యీ త్వరగానే స్వాధీనంలోకి వచ్చాయి. అదృష్టవంతులన్నారు అందరూ.

ఆ తర్వాతి సంవత్సరాల్లో మనిషి కొంచెం కొంచెంగా తగ్గిపోయారు. ముందు లెక్కలు పోయాయి, తర్వాత దారులు, ఆ తర్వాత మాటలు. అన్నం పెడితే తింటారు. పెట్టకపోతే అడగరు.

ఆ రోజు పొద్దున చొక్కా గుండీలు పెట్టుకోవడం చూపించీ చూపించీ విసిగిపోయి, చేతి మీద కొట్టాను. ఆయన ఆ చేతినే చూస్తూ ఉండిపోయారు. నేను గచ్చిబౌలి ఆఫీసు బస్సెక్కేశాను.

భోజనం మానేసి ఆఫీసు మెట్ల దారిలోకి వెళ్లాను. అటు ఎవరూ రారు. ఫోన్ నా సీటు దగ్గరే ఛార్జింగ్‌లో ఉంది. గోడకు తల ఆనించి, పైకే అన్నాను. "ఇలా బతికేకంటే మీరు వెళ్లిపోతేనే బాగుంటుందండీ."

సాయంత్రం నిజాంపేటలో ఇల్లు చేరేసరికి, ఆయన్ని చూసుకునే యాదమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"మేడం, సార్ ఇయ్యాల మాట్లాడిన్రు! టీవీల మధ్యాహ్నం వంటల ప్రోగ్రాం అయిపోతుండె. తలుపు దిక్కు చూసి, 'నాకూ అదే అనిపిస్తోంది సుజా' అన్నరు. ఏం అనిపిస్తుంది సార్ అని అడిగిన. మళ్ల పలకలే."

ఆ వేళకే నేను మెట్ల మీద ఉన్నాను. నన్ను సుజా అని పిలిచేది ఆయనొక్కరే. ఏడాదికి పైగా ఆ పిలుపు నేనే వినలేదు.

పక్కన కూర్చుని, "ఏమనిపిస్తోందండీ?" అని అడిగాను. ఆయన నా చున్నీ అంచు మడతలు పెడుతూ కూర్చున్నారు.

"సార్‌కు ఏమైతున్నదో ఏమో, మీకు ఎరుకనా మేడం?" అంది యాదమ్మ.

"ఆకలేమో" అన్నాను. ఆమె వెంటనే వెళ్లి అన్నం కలిపి తెచ్చింది. ఆయన ఎదురు చెప్పకుండా తిన్నారు.

తర్వాత డాక్టర్‌ని అడిగితే, ఒక్కోసారి పాత మాటలు అలా బయటికొస్తాయన్నారు. మెట్ల దారిలో నేనన్నది మాత్రం డాక్టర్‌కు చెప్పలేకపోయాను. ఆ మాట ఇంటిదాకా ఎలా చేరిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆయన కోపంగా అన్నారా అని యాదమ్మను ఒక్కసారే అడిగాను.

"లేదు మేడం, నిమ్మళంగ అన్నరు. మిమ్మల్ని ఏడ్వొద్దన్నట్టే" అంది.