వంగిన రెక్క, కుడిచేయి

పక్షవాతం వచ్చిన నాటి నుండి మా తమ్ముడు తన కుడిచేతిని నమ్మడం మానివేశాడు. వేళ్ళకు పని కల్పించమని వైద్యుడు చెప్పగా, జంట రెక్కల పాతకాలపు విమానం రెసిన్ నమూనాను నాలుగు మాసాలుగా కూర్చుతున్నాడు, అదీ ఎడమచేత్తోనే. కుడిచేయి ఒడిలోనే ఉండేది.

ఈ ఉదయం పై రెక్కకూ కింది రెక్కకూ నడుమ దారాలు కట్టవలసి వచ్చింది. సత్రపట్టి అనే నేత ఊరిలో ముప్పై ఏళ్ళు గాయాల కట్టుగుడ్డ నేసిన మా మరదలు, తమ్ముడి భార్య, ఆ పనికి పూనుకొని, మగ్గం అలవాటున దారాన్ని బిగించి లాగింది. పై రెక్క కొస వంగిపోయింది.

"అయ్యో బావా, పడుగు లాగినట్టు లాగేస్తిని! నాలుగు నెలల పని పాడు చేసినానే!" అంది భర్తతో.

"ఏడవద్దే. దారం విప్పి వేణ్ణీళ్ళు తే, సరి చేస్తా" అన్నాడు తమ్ముడు.

పక్కనే శ్లోకాలు వల్లించుకుంటున్న నేను సాయానికి చేయి చాచాను.

"అన్నా, నువ్వు శ్లోకం చెప్పుకో. ఇది నా పని."

ఎడమచేయి విమానాన్ని పట్టుకొని ఉంది. కనుక వేడినీటిలో మెత్తబడిన రెక్కను నిలబెట్టవలసినది కుడిచేయే. అది రెక్కను సరిచేసి, చల్లారి గట్టిపడేదాకా వదలలేదు. జీవితమంతా శ్లోకాలు వల్లించిన నేను ఆ సమయాన శ్లోకం మాని ఆ వేళ్ళనే చూస్తూ కూర్చున్నాను.

అంతలో మరదలు కాఫీ తెచ్చి, ఖాళీగా ఉన్న ఆ కుడిచేతికే అందించింది. వాడు దానితోనే తాగి లోటా సగమయ్యేదాకా మా ముగ్గురిలో ఎవరికీ ఆ సంగతి తట్టలేదు.

రెక్క కొస ఇంకా కొద్దిగా వంకరగానే ఉంది. దానిని అలాగే ఉంచమన్నాను. మీరైతే ఏమనేవారు?