ఎదురింటి వైరు

మా బొగ్గుగని కాలనీలో కరెంటుకు లెక్క ఉండేది కాదు. క్వార్టర్లకు కంపెనీ కరెంటు కాబట్టి బిల్లు మాటే మాకు తెలియదు. అన్నం, కూర, స్నానాలకు వేడినీళ్లు, అన్నీ హీటరు మీదే. ఇంట్లో మనుషులు లేకపోయినా కూలర్లు తిరుగుతూ ఉండేవి. అలాంటి చోట, గోదావరిఖని ఎండలు మండిపోతున్న రోజుల్లో, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. కొత్తది ఎప్పుడొస్తుందో తెలియదన్నారు. అప్పటిదాకా సర్దుకొమ్మని ఎక్కడినుంచో ఒక చిన్నది తెచ్చి బిగించి పోయారు.

మాది పై లైను. రోడ్డుకు అవతల మాకు ఎదురుగా ఉన్న ఇళ్లు కింది లైను. ఆ చిన్న ట్రాన్స్‌ఫార్మర్ రెండు లైన్లనూ ఒకేసారి మోయలేదు. మొదటిరోజు రెండు వైపులా కూలర్లు వేసుకుంటే టప్పున పోయింది. దాంతో రెండు లైన్ల పెద్దలూ కూర్చుని వంతులు పెట్టుకున్నారు. పొద్దున ఒక లైనుకు, మధ్యాహ్నం ఇంకొక లైనుకు, సాయంత్రం, రాత్రి మళ్లీ అలాగే. వారం వారం వంతులు మారుతాయి. వంతు ఉన్నప్పుడు కూడా ఇంటికి ఒక ఫ్యాను, ఒక లైటు. కూలరు, హీటరు బంద్. స్తంభం దగ్గర స్విచ్చు పెట్టెకు తాళం వేసి, తాళంచెవిని మా మామకు ఇచ్చారు.

మామ, అంటే మా ఆయన తండ్రి, భూగర్భ గనిలో సర్దార్‌గా చేసి రిటైరయ్యాడు. పనివాళ్లను లోపలికి దించి క్షేమంగా పైకి తీసుకురావడం ఆ ఉద్యోగం. మాట అంటే మాట, టైమంటే టైము. ఆయనైతే ఎవరి వైపూ మొగ్గడని కింది లైను వాళ్లే ఆయన పేరు చెప్పారు.

నాకు ఆయనంటే పడేది కాదు. పెళ్లయి వచ్చినప్పటినుంచి నా చేతి వంట బాగుందని ఒక్కసారీ అనలేదు. వంతులు మొదలయ్యాక ఇంట్లోనూ అదే పెత్తనం. మిక్సీ పెడితే వచ్చి ప్లగ్గు పీకేసేవాడు. మధ్యాహ్నాలు కర్ర పట్టుకుని ఇంటింటికీ తిరిగేవాడు. హీటరు మీద గిన్నె కనిపిస్తే దించి బయట పెట్టేవాడు. ఆయన వస్తుంటే పిల్లలు ఆట ఆపి చూసేవాళ్లు.

ఒకరోజు పొద్దటి పూట కింది లైను వంతు. మధ్యలో ఏదో మరమ్మత్తని గంటసేపు కరెంటు తీశారు. మధ్యాహ్నం మామ స్విచ్చు మార్చడానికి వెళ్తే ఎదురింటి ఆమె చెప్పులు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చింది. నేను ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. కూర వండితే గిన్నెడు ఇచ్చిపుచ్చుకునేవాళ్లం.

"కాకా, పొద్దుగాల మా కరెంటు గంటసేపు తీసిండ్రు. నా బిడ్డకు అమ్మవారు పోసింది. ఒళ్లంత మంట మంట అని ఏడుస్తున్నది. ఆ గంట గిప్పుడియ్యి."

"తీసింది నేను కాదు. మీ టైమైపోయింది."

"ఒక్క గంట, కాకా."

"నీకిస్తే రేపు ఇంకొకలు అడుగుతరు. వాళ్లకేం చెప్పాలె? నడువు."

ఆయన స్విచ్చు తిప్పి తాళం వేశాడు. మా ఇంట్లో నా తల మీద ఫ్యాను తిరగడం మొదలైంది. నేను కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. ఆమె నా వైపే చూసింది. ఆ తర్వాత ఇంట్లోకి వెళ్లి, చీర తడిపి, బిడ్డ మీద కప్పుతూ కూర్చుంది. ఆ రోజు నుంచి మా మధ్య మాటల్లేవు.

తర్వాతి వారం పొద్దటి పూట మా వంతైంది. ఆ వారంలోనే ఒక ఉదయం మామ చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, కుర్చీలో అలాగే పక్కకు ఒరిగిపోయాడు. దవాఖానకు తీసుకెళ్తే ప్రాణం లేదన్నారు.

మా వదిన, మా ఆయన అక్క, ధన్‌బాద్‌లో ఉంటుంది. ఫోన్‌లో ఒకటే మాట చెప్పింది. "నేనొచ్చేదాక నాయినను లేపొద్దు. లేపితే మళ్ల మీ గడప తొక్క." రైలు వచ్చేది మర్నాడు మధ్యాహ్నానికి. ఆ ఎండకు శవం సాయంత్రం దాకా కూడా ఆగదు. అద్దాల మూత ఉన్న ఫ్రీజర్ పెట్టె అద్దెకు తెచ్చి మామను అందులో పడుకోబెట్టాం. జనరేటర్ కోసం మా ఆయన తిరగని చోటు లేదు. పెండ్లిళ్ల సీజను, ఒక్కటీ దొరకలేదు.

మధ్యాహ్నమైంది. మా వంతు అయిపోయింది. కింది లైను మగవాళ్లు నలుగురైదుగురు వచ్చి మా ఇంటి ముందు నిలబడ్డారు. దండం పెట్టడానికి వచ్చారనుకున్నాను.

"తాళంచెవి ఇయ్యి," అన్నాడు అందులో ఒకడు.

మా ఆయన బయటికొచ్చాడు. "మా నాయిన పెట్టెల ఉన్నడు. మీకు కండ్లు కనబడ్తలేవా?"

"కనబడ్తున్నయి. మీ నాయినకే మా పిల్లలు కనబడలే."

"రేపటిదాక ఆగుండ్రి. మనుషులేనా మీరు?"

"టైమంటే టైమే అన్న రూలు మేం పెట్టలే. ఆయన పెట్టిండు. చెవి ఇయ్యకుంటే రాయితోని పలగ్గొడ్తం."

మా ఆయన వాళ్ల మీదికి పోయాడు. ఎవరో ఆయన అంగీ పట్టి గుంజితే గుండీలు తెగి రాలాయి. పై లైను వాళ్లు ఇద్దరు అడ్డం వచ్చి విడదీశారు. వాళ్లు కూడా మా తరఫున గట్టిగా మాట్లాడలేదు. వాళ్ల ఇళ్లలో దించిన గిన్నెలు వాళ్లకు గుర్తున్నాయి మరి. చివరికి చెవి వాళ్ల చేతికి పోయింది. పెట్టె మోత ఆగిపోయింది. కాసేపటికే అద్దం లోపల నీటి చుక్కలు పట్టాయి.

కరెంటు ఇప్పుడు కింది లైన్లో ఉంది. ఎదురింటి నుంచి రోడ్డు మీదుగా ఒక వైరు లాగితే సరిపోతుంది. ఆ మాట అంటే మా ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఆ ఇంటికి పోతవా? నాయిన లేచి తంతడు."

నేను వెళ్లాను. ఆమె గడప లోపల కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. పక్కన బిడ్డ. మొహమంతా ఇంకా మచ్చలే. నన్ను చూసి ఆమె టేబుల్ ఫ్యాన్‌ను పూర్తిగా బిడ్డ వైపు తిప్పింది.

"అక్కా, ఒక్క వైరు..."

"అక్క అనకు."

నేను నిలబడే ఉన్నాను. ఆమె చాట మీంచి తల ఎత్తలేదు.

"నీ మామ మంచోడా, చెడ్డోడా? నీ నోటితోని చెప్పు. చెప్తే ఇస్త."

చెప్పడానికి నా దగ్గర చాలా ఉన్నాయి. కానీ వెనక్కి తిరిగితే మా గుమ్మంలోంచి ఆ పెట్టె కనిపిస్తోంది.

"గిప్పుడు అడగకు," అన్నాను.

"గంతే. మీ ఇంట్ల అందరు గంతే."

ఆమె లేచి లోపలికి వెళ్లింది. తలుపు వేసుకుంటుందనుకున్నాను. వైరు చుట్ట తెచ్చి నా కాళ్ల దగ్గర పడేసింది.

"నీ కోసం ఇస్తలేను. ఆయన కోసం అసలే కాదు. గీ ఎండకు పొద్దుమీకేసరికి వాసనొస్తది. నా బిడ్డ ఇప్పుడిప్పుడే ఇంత అన్నం తింటున్నది. అది కక్కుకుంటే మళ్ల నేనే ఎత్తిపొయ్యాలె."

వైరు లాగుతుంటే కింది లైను వాళ్లు మళ్లీ పోగయ్యారు. పెట్టె లోడుకు ట్రిప్పయి కరెంటు పోతుందని గొడవ. ఆమె వాళ్ల ముందే ఫ్యాను ఆపింది, లైటు ఆపింది. "నా ఇంటి లోడు నా ఇష్టం. బంద్ పెట్టిన. చూసుకోండ్రి." ఆ మధ్యాహ్నమంతా, మళ్లీ రాత్రి వాళ్ల వంతు వచ్చినప్పుడు కూడా, ఆమె విసనకర్రతో బిడ్డకు విసురుతూ కూర్చుంది. మా వైపు చూడలేదు. నేను పంపిన మంచినీళ్లు కూడా వెనక్కొచ్చాయి.

మర్నాడు వదిన వచ్చింది. ఏడుపు అయ్యాక వైరు చూసింది. "నాయినను పరాయోళ్ల కరెంటు మీద పెట్టిండ్రా?" అని తమ్ముడి మీద విరుచుకుపడింది. దహనం గోదావరి ఒడ్డున. కింది లైను నుంచి ముసలివాళ్లు ఇద్దరు మాత్రం వచ్చారు. పాడె ఎదురింటి ముందునుంచి పోతుంటే ఆ తలుపు మూసుకుంది.

వైరు చుట్టి ఇవ్వడానికి నేనే వెళ్లాను. ఆమె తీసుకుని, నా ఎదురుగానే తడిగుడ్డతో ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తుడిచింది. పెద్దకర్మ రోజు గిన్నెలో అన్నం, కూర పట్టుకెళ్లాను. "ఆ ఇంటి ముద్ద మాకు దిగది," అంది. గిన్నె అలాగే తెచ్చుకున్నాను. అప్పుడు నాకూ కోపం వచ్చింది. ఆ కోపం పోలేదు.

తాళంచెవి పెట్టుకోవడానికి ఆ తర్వాత ఏ లైనులోనూ ఎవరూ ముందుకు రాలేదు. అందరి చేత మాటలు పడాల్సిన పని అది. కొద్ది రోజులకు ఎవరో తాళం పగలగొట్టి రెండు లైన్లకూ కరెంటు వేశారు. కూలర్లన్నీ మోగాయి. సాయంత్రానికి ఆ చిన్న ట్రాన్స్‌ఫార్మర్ కూడా కాలిపోయింది. కొత్తది వచ్చేదాకా రెండు లైన్లూ చీకట్లోనే ఉన్నాయి. తాళం పగలగొట్టింది మీరంటే మీరని ఒకరినొకరు తిట్టుకున్నారు.

ఇప్పుడు కరెంటుకు కొదవ లేదు. మళ్లీ హీటర్లు, కూలర్లు. ఆమె బిడ్డ మా పిల్లల స్కూలుకే వెళ్తుంది. నీళ్ల ట్యాంకరు వచ్చినప్పుడు ఒక్కోసారి నా బిందె వెనకే ఆమె బిందె ఉంటుంది. నేను జరగడం ఆలస్యమైతే, తన వెనకున్న మనిషితో అంటుంది: "ముందల ఉన్నోళ్లను జల్ది జరగమను."