తుపాకి మీద నా పేరు

ఇల్లు కాలిన కథలు, పెళ్లి పీటల మీద ఆగిన కథలు మీరు బోలెడు విని ఉంటారు. ఒక లోటా కొన్న పాపానికి కొత్త తుపాకి పోలీసు స్టేషనులో కూర్చుని, రెండెకరాల రాగి చేను అడవి పందుల పాలు కాబోయిన కథ మాత్రం నా ఒక్కదాని దగ్గరే దొరుకుతుంది. నవ్వుకోండి. నవ్వుకు నేను డబ్బులు అడగను. అడగాలనే ఉంటుంది, కానీ అడగను.

ఇప్పుడంటే మనవరాళ్లు బట్టలు సబ్బు నీళ్లలో నానబెట్టి మరిచిపోతే చెవి మెలిపెట్టే అవ్వను. అప్పటికి నా మోకాళ్లు నా మాట వినేవి. ఊరంతా కూడా వినేది. మూడో తరగతితో చదువు ఆగిపోయినా బేరంలో నన్ను దాటిపోయినవాడు లేడని నాకో పొగరు.

మా చేను ఆనేకల్ అవతల, అడవి అంచున ఉంది. రాగి కంకి పాలు పోసుకునే సరికి పందులకు ఎవరు కబురు చేస్తారో ఏమో, పెళ్లిలో బంతి భోజనానికి కూర్చున్నట్టు వరసగా వచ్చి కూర్చునేవి. అంతకు ముందటేడు మాకు మిగిలింది గడ్డి. ఈసారి కూడా పోతే ఏడాది పొడుగునా ముద్దకు పిండి అంగడిలో కొనుక్కోవాలి. సొంత చేను పెట్టుకుని రాగులు కొనడమా?

మా ఆయన కృష్ణప్ప చాలా మంచివాడు. పంది ఎదురొస్తే పక్కకు తప్పుకుని దారి ఇచ్చేంత మంచివాడు. పంట కాపలాకని ఆయన పేరున తుపాకి లైసెన్సు వచ్చింది. చంపడానికి కాదు, గాల్లో పేల్చి తరమడానికి. లైసెన్సు ఆయనదైనా తుపాకిని ఎంచడానికి నేనూ బయలుదేరాను. వంకాయలు కొనడానికే ఆయన్ని ఒంటరిగా పంపను, తుపాకికి పంపుతానా?

బెంగళూరులో తుపాకుల అంగడి. అంగడాయన ముందుగా మెరుస్తున్న రైఫిలు ఒకటి బల్ల మీద పెట్టాడు.

"అమ్మా, వేటకు ఇంతకన్నా మంచిది లేదు. గుండు చానా దూరం పోతాది."

"ఎంత దూరం?"

"మీ చేను దాటి ఆ తట్టు ఊరి దాకా."

"ఆ ఊరి పందుల్ని తోలేదానికి వాళ్లేమైనా మాకు కూలి ఇస్తారా అప్పా? తీసి లోపల పెట్టు."

తరవాత రెండు గొట్టాల తుపాకి వచ్చింది. "ఒగటి పేలితే ఇంకోటి తయారుగా ఉంటాది" అన్నాడు.

"మొదటి దెబ్బకే బెదరని పంది రెండో దెబ్బకు బెదురుతాదా? అదొచ్చేది తినేదానికి, లెక్క పెట్టేదానికి కాదు."

మా ఆయన నా కొంగు లాగాడు. "రత్నా, స్వల్ప మెల్లగా మాట్లాడే. అందరి చేతుల్లోనూ తుపాకులు ఉండాయి ఈడ."

చివరికి ఒంటి గొట్టం పాతరకం తుపాకి తీయించాను. చేతిలో పట్టుకుని బరువు చూశాను. వేలి కణుపుతో తట్టి చెవి దగ్గర పెట్టుకున్నాను.

"అమ్మా, అది టెంకాయ కాదు" అన్నాడు అంగడాయన.

"తెలుసు. టెంకాయ అయితే నీళ్లు ఉండాయో లేదో చూసి ఇంకో రూపాయి తగ్గిద్దును."

శబ్దం పెద్దది, ధర చిన్నది, మా ఆయన భుజానికి సరిపోయే పొడుగు. అంగడాయన కూడా ఒప్పుకున్నాడు, మీ అవసరానికి ఇదే సరైనదని. నా ఎంపికకు నేనే మురిసి, తోలు సంచి ఉచితంగా ఇప్పించుకుని, లేవబోతుంటే ఆయన ఒక ముక్క అన్నాడు. ఆ ముక్క అనకుండా ఉంటే నేను ఈ కథ రాసేదాన్ని కాదు.

"ఎలక్షన్లు వస్తే మాత్రం దీన్ని స్టేషనులో అప్పజెప్పాలమ్మా. అయిపోయినాక ఇస్తారు."

"అందరివీ ఒకే చోట పెడతారా?"

"అవును."

"మారిపోతే?"

"నంబరు ఉంటాది కదమ్మా."

నంబరట! పెళ్లిలో విడిచిన చెప్పులకు కొలత నంబరు లేదా? మారిపోవడం లేదా? మా ఆడబిడ్డ సీమంతానికని తీసుకుపోయిన ఇత్తడి అండాను తన అత్తింటిదే అని వాదించిన రోజు నుంచి నా ఇంట్లో పేరు లేని వస్తువు లేదు. గరిటె మీద రత్నమ్మ. గంగాళం మీద రత్నమ్మ. చీపురు మీద పడదు కాబట్టి చీపురు ఒక్కటే అనాథ. అలాంటిది ఇంత పెట్టి కొన్న తుపాకిని బోసిగా ఇంటికి తీసుకుపోతానా?

నేరుగా పాత్రల అంగడికి నడిచాను. పేరు కొట్టడం ఉచితమే, కానీ వాళ్ల దగ్గర కొన్న సామానుకే. అందుకని అక్కడున్న వాటిలో అతి చిన్న లోటా కొన్నాను. పేర్లు కొట్టే ఆయన కరెంటు కలం తీసుకుని లోటా అందుకోబోయాడు.

"దాని మీద వద్దు, దీని మీద కొట్టు" అని సంచి విప్పాను.

గొట్టం బయటికి వచ్చేసరికి గల్లా దగ్గరున్న యజమాని రెండు చేతులూ పైకెత్తాడు. ఒకావిడ బిందెను అడ్డం పెట్టుకుంది.

"చేతులు దించప్పా, మేము గిరాకీలమే. ఇదో, లోటా కొన్నాము."

"అమ్మా, ఇది మా అంగడి సామాను కాదే!" అన్నాడు కలం ఆయన.

"లోటా మీదే కదా. దాని పేరు దీనికి బదలాయిస్తా ఉండా. నీకేం నష్టం?"

మా ఆయన మళ్లీ కొంగు అందుకున్నాడు. "వద్దే, లైసెన్సు నాది..."

"నువ్వు నోరెత్తక సుమ్నే ఉండు. నువ్వు సుమ్నే ఉండబట్టే అండా పాయె."

కలం ఆయన గొట్టం మొనను గోడ వైపు తిప్పుకున్నాడు. "జ్ఞాపకార్థం అని కూడా కొట్టాలా?" అని గొణిగాడు.

"ఎవరి జ్ఞాపకార్థం? ఇంకా ఎవరూ పోలేదు. ఉత్త పేరు చాలు. కన్నడంలో కొట్టు, స్టేషనులో వాళ్లు చదువుకోవాల."

చదువుకున్నారు. మర్నాడే తుపాకిని చూపించడానికి పోయాం. ఎస్ఐ కోలారు వైపు మనిషి, తెలుగు మాలాగే మాట్లాడాడు. గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు.

"కృష్ణప్ప ఎవరు?"

"నేనే సార్."

"రత్నమ్మ ఎవరు?"

"నేను" అన్నాను, మెడ నిటారుగా పెట్టి.

"తుపాకి ఎవరిది?"

"ఈయనది" అన్నాను. అదే క్షణంలో మా ఆయన "ఈమెది" అన్నాడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆ మనిషి నాతో సమంగా నోరు తెరిచింది అప్పుడే, అదీ స్టేషనులో.

"లైసెన్సు ఒకరిది, పేరు ఇంకొకరిది. నేనేమని రాసుకోవాల?"

"సార్, మా ఇంట్లో బిందెల మీద కూడా నా పేరే ఉండాది. నీళ్లు ఆయనా తాగుతాడు."

"తాగనీమ్మా. ఒకరి తుపాకి ఇంకొకరు ముట్టుకుంటే మాత్రం కేసు అయితాది. ఇది తేలేదాకా ఈడనే ఉంటాది."

చేనులో కంకులు బరువుకు వంగుతున్నాయి. తుపాకి స్టేషను బీరువాలో, పందులు గట్టు మీద. నేను అధైర్యపడే రకం కాదు. రాత్రుళ్లు డబ్బాలు వాయించి, టపాకాయలు కాల్చి, పందుల ఏడు తరాలనూ తిట్టి గొంతు పోగొట్టుకున్నాను. పగలు స్టేషను బల్ల మీద కూర్చుని ఎస్ఐని చూస్తూ ఉండేదాన్ని. ఆయన తల ఎత్తితే నేను, దించితే నేను. చివరికి ఆయనే పై ఆఫీసులో అడిగి వచ్చాడు. దారులు రెండే: పేరు చెరిపించడం, లేదా లైసెన్సు నా పేరున తీసుకోవడం.

చెరపడానికి ఎంతవుతుందని తుపాకుల అంగడిలో అడిగాను. చెప్పాడు. ఉచితంగా వేయించుకున్న పేరును అంత పోసి చెరిపించుకోవడమా? నా కట్టె కాలేదాకా జరగదు. లైసెన్సుకు నేనే అర్జీ పెట్టాను. పోలీసుల శిక్షణలోనే తుపాకి పట్టడం నేర్చుకున్నాను. మొదటి దెబ్బకు వెనక్కి పడి భుజం నేరేడు పండు రంగుకు తిరిగినా, రెండో దెబ్బకు నిలబడ్డాను. ఆ ఏడు సగం పంట పోయింది. మరుసటేటికి కాగితం నా చేతికి వచ్చింది.

గెలిచాననే అనుకున్నాను. కంకి పాలు పోసుకున్న మొదటి రాత్రి, మంచె దగ్గరికి కంబళి, టార్చి మోసుకొచ్చిన మా ఆయనతో అన్నాను: "తుపాకి తీసుకుని పైకి ఎక్కు."

ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

"పేరు నీది కదా రత్నా. నేను ముట్టితే కేసు అయితాది."

కంబళి మాత్రం తనతో తీసుకుని ఇంటికి పోయి పడుకున్నాడు. గురక మంచె దాకా వినబడింది. ఆ గురకకే కొన్ని పందులు వెనక్కి పోయి ఉండాలి, మిగతావాటిని నేను తరిమాను. ఆ ఏడు గింజ పోలేదు. ఆ ఏడే కాదు, నేటిదాకా పోలేదు. నేటిదాకా మంచె ఎక్కుతున్నదీ నేనే.

కాబట్టి, అయ్యలారా, అమ్మలారా, మా ఇంటి రాగి ముద్ద మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. నేను మోయక తప్పని వస్తువు మీద ఈ జన్మలో నా పేరు కొట్టించను. మొన్న చేనుకు మందు కొట్టే పంపు కొన్నాం. వీపున వేసుకుంటే నడుము విరిగేంత బరువు. దాని మీద కృష్ణప్ప అని ఇంతింత అక్షరాలతో కొట్టించుకొచ్చాను.