చర్చి బేస్‌మెంట్‌లో నా మేయర్‌గిరీ

ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజుల్లో మనిషికి తన గొంతు తప్ప అందరి గొంతులూ బాగానే ఉన్నట్టు వినిపిస్తాయి. ఎనభైల మొదట్లో, షికాగోలో ఒక చిన్న దినపత్రికలో నా పని వాతావరణ వివరాలూ మరణవార్తలూ టైపు చేయడం. ఫోన్ ముట్టుకోవడానికి లేదు. "నీ యాక్సెంట్‌కి అవతలివాళ్లు ఫోన్ పెట్టేస్తారోయ్" అని మా సిటీ ఎడిటర్ నవ్వుతూనే చెప్పాడు. (ఆయన నవ్వాడు కాబట్టి నేనూ నవ్వాను. గదికి వెళ్లాక మాత్రం నవ్వు రాలేదు.)

మా ఆఫీసు మొత్తానికి నల్లజాతి రిపోర్టర్ ఒక్కావిడే. మనసులో ఆవిడను పెద్దక్క అని పిలుచుకునేవాణ్ణి. ఊళ్లోని నల్లజాతి విలేకరులు కలిసి పెట్టుకున్న సంఘానికి ఆవిడే ప్రెసిడెంట్. ఎక్కడ ఉద్యోగం ఖాళీ ఉందో ఒకరికొకరు చెప్పుకోవడం, ఒకరికి అన్యాయం జరిగితే అందరూ వెళ్లి నిలబడటం, శనివారాల్లో చర్చి బేస్‌మెంట్‌లో కాలేజీ పిల్లలకు పని నేర్పడం, ఇవీ వాళ్ల పనులు. ఒక శుక్రవారం నా బల్ల దగ్గర ఆగి, "రేపేం చేస్తున్నావ్?" అన్నారు. "లాండ్రీ అండీ" అన్నాను. "లాండ్రీ ఎక్కడికీ పోదు. కుర్చీలు వేయడానికి మనిషి కావాలి, వచ్చెయ్" అన్నారు.

వెళ్లాను, కుర్చీలు వేశాను. ఆ రోజు పాఠం ఉత్తుత్తి ప్రెస్ కాన్ఫరెన్స్. మేయర్ వేషం వేయాల్సిన రిటైర్డ్ ఆఫీసర్ గారి కారు చలికి స్టార్ట్ కాలేదట. పెద్దక్క చుట్టూ చూసి, నా భుజాలు పట్టుకుని కుర్చీలో కూలేసి, "బ్రదర్, నువ్వే మేయర్. వంతెన మూసేసి జనాన్ని ఏడిపిస్తున్నావ్. ఈ పిల్లలకు సమాధానం చెప్పకు. అంతే" అన్నారు. ఆ వంతెన నిజంగానే మా పేటలో మూసేసినది.

సమాధానం చెప్పకపోవడంలో నాకు మంచి గురువున్నాడు. మా బాబాయి సర్పంచ్‌గా ఉన్నన్నాళ్లూ ఎవరేం అడిగినా గొంతు సవరించుకుని, "మీ బాధ నా బాధ" అనేవాడు. నేనూ సవరించుకున్నాను. "వంతెన ఎప్పుడు తెరుస్తారు సార్?" "తెరవాల్సిన సమయంలో." "ఆలస్యం ఎందుకైంది?" "దాన్ని ఆలస్యం అనడం కార్మికులను అవమానించడమే!" బల్ల గుద్దాను. పిల్లలు కేకలు వేసేకొద్దీ నాకు హుషారెక్కింది. ఎవరూ అడగకుండానే రెండో వంతెన కూడా మంజూరు చేశాను. మూల నిలబడ్డ పెద్దక్క నోటికి కర్చీఫ్ అడ్డం పెట్టుకున్నారు.

అప్పుడు వెనక వరసలో, అంతసేపూ నోరు విప్పని ఎర్ర కళ్లద్దాల అమ్మాయి లేచింది. "సార్, ఇవాళ ఇక్కడికి ఏ దారిన వచ్చారు?" అని మెల్లగా అడిగింది.

"ఏం చెప్పమంటావమ్మా, ఆ దిక్కుమాలిన వంతెన మూసేశారుగా! రెండు బస్సులు మారి, మంచులో నడిచి..." అనేశాను.

హాలంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. "మేయర్ గారికీ వంతెన కష్టాలు!" అని ఎవరో శీర్షిక కూడా అరిచేశారు. కుర్చీ కింద దూరిపోదామనుకున్నాను. పెద్దక్క కళ్లు తుడుచుకుంటూ వచ్చి, "ఇంతసేపు ఇంతమంది నిన్ను ప్రశ్నలతో చంపారు. ఒక్కరైనా నీ యాక్సెంట్ అర్థంకాక 'మళ్లీ చెప్పండి' అన్నారా?" అన్నారు. ఆలోచించాను. ఒక్కరూ అనలేదు.

సోమవారం పొద్దున్నే పెద్దక్క, సంఘంలో ఇంకో ఇద్దరు పెద్దవాళ్లతో కలిసి సిటీ ఎడిటర్ గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. లోపల ఏం మాట్లాడారో నాకు ఈనాటికీ తెలియదు. బయటికొచ్చిన ఎడిటర్ నవ్వకుండా, "మురుగునీటి శాఖకి ఫోన్ చేసి, రోడ్డు ఎందుకు తవ్వారో కనుక్కో" అన్నాడు.

చేశాను. అవతలి ఆఫీసర్ ఫోన్ పెట్టెయ్యలేదు సరికదా, అరగంట మాట్లాడాడు. ఎంత నున్నగా తప్పించుకున్నాడంటే, మా బాబాయి గుర్తొచ్చి ముచ్చటపడి, అంతా రాసుకుని, థాంక్స్ చెప్పి నేనే పెట్టేశాను. ఎడిటర్ చదివి, "బాగుంది. రోడ్డు ఎందుకు తవ్వారు?" అన్నాడు. మళ్లీ ఫోన్ అందుకున్నాను.

తర్వాత చాలా ఏళ్లు ఆ ఫోనే నాకు అన్నం పెట్టింది. ఇప్పుడు ఆనాటి నేను, ఆ మేయర్ కుర్రాడు, ఏ బస్ స్టాప్‌లోనో మంచు దులుపుకుంటూ ఎదురైతే, పక్కన కూర్చోబెట్టుకుని వేడి కాఫీ తాగించాలనిపిస్తుంది. ప్రశ్న మాత్రం ఒక్కటీ అడగను. పాపం, ఉన్నదంతా చెప్పేస్తాడు.